రంగంలో తెలిసిన ముఖం

పోయినవారం మనం సుహాసినిని, మనవాళ్ళు రంగం అనే రంగూన్‌లో, బంగారు గోపురం మెట్ల దగ్గర వదిలిపెట్టాం. ఎచ్చెర్ల పీజీ సెంటర్‌లో ఎం.ఏ. ఎకనామిక్స్ చదివిన పాత బ్యాచ్‌వాళ్ళు ఇరవై ఏళ్ళు దాటాక వాట్సాప్‌లో మళ్ళీ ఒకచోట చేరి, ఆ ఏడు దసరా సెలవుల్లో బర్మా చూడ్డానికి బయలుదేరారు. ఏర్పాట్లన్నీ హరిబాబువే. విశాఖ హార్బర్‌లో రెండు మరబోట్లున్న హరిబాబు, “సముద్రం మీద పుట్టి పెరిగినోడినే గాని దేశం దాటడం నాకూ ఇదే మొదలు” అని హౌరా రైలెక్కిన దగ్గర్నుంచి అందరితోనూ అంటూనే ఉన్నాడు. అలాంటివాణ్ణి, గోపురం మెట్ల కింద పూలమ్ముకునే జోగయ్య అనే ముసలి తెలుగాయన చూసి, “ఏటి బాబూ, మళ్ళీ వచ్చినావేటి?” అని నవ్వుతూ పలకరించాడు. హరిబాబు వినబడనట్టు తల తిప్పుకుని గుంపులో కలిసిపోయాడు. ఆ పలకరింపు విన్నది సుహాసిని ఒక్కతే.

సుహాసిని గజపతినగరంలో జూనియర్ కాలేజీ లెక్చరర్. ఆమెకు మనుషుల్ని అనుమానించడం చేతకాదు. పరీక్ష హాల్లో దొంగచూపులు చూసే పిల్లల్ని కూడా ఆమె పట్టుకోలేదని తోటి లెక్చరర్లు నవ్వుతుంటారు. అటువంటి మనిషికి మర్నాడు పొద్దున్న లేచీ లేవగానే హరిబాబు తల తిప్పుకున్న తీరే గుర్తొచ్చింది. ఎవరో పొరబడి పలకరిస్తే మనిషి ఆగి, నేను కాదండీ అంటాడు. అంత తొందరగా పారిపోడు.

పక్కమంచం మీద కూర్చుని అనూరాధ తడిజుట్టు దువ్వుకుంటోంది. హాస్టల్ రోజుల్లాగే ఆడవాళ్ళు ఒకచోట, మగవాళ్ళు ఒకచోట ఉండాలని బయలుదేరకముందే అనుకున్నారు. అందుకే హరిబాబు భార్య అయినా అనూరాధ సుహాసిని గదిలో ఉంది. ఎచ్చెర్ల హాస్టల్లోనూ ఇద్దరిదీ ఒకటే గది.

“ఈయేళే కదే తెలుగోళ్ళ ఊరికి ఎల్తాం,” అంది అనూరాధ. “మా అమ్మమ్మ ఆ ఊర్లోనే పుట్టింది. యుద్ధం వచ్చినప్పుడు అడవుల్లోంచి నడుసుకుంటూ వచ్చీసారట. సిన్నప్పుడు రంగం కథలు సెప్తుంటే అన్నీ కోతలే అనుకునేదాన్ని.”

“అందుకేనా, అందరూ మలేషియా అంటే నువ్వు రంగం అని పట్టుపట్టావు?”

“అందుకే. హరికి అసలు ఇష్టం లేదు. రంగంలో ఏటున్నాది సూడ్డానికి అని కసిరినాడు. నేను ఊరుకోలేదు. ఆకరికి తనే, సర్లే, ఏర్పాట్లు నేను సూస్తాను, ఇంకెవరూ ఏలు పెట్టొద్దన్నాడు.”

సుహాసిని చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ, మామూలుగా అడుగుతున్నట్టే అడిగింది. “హరి ఇదివరకెప్పుడూ ఇటు రాలేదా?”

అనూరాధ చేతిలో దువ్వెన ఆగింది. “ఎందుకలాగ అడిగినావు?”

“ఊరికే.”

“ఇటెందుకు వస్తాడు? పోయినేడు బోటు ఇంజిను కోసమని గుజరాతు ఎల్లి రెండు నెలలు ఉండిపోయాడు. అదే ఎక్కువ దూరం.” గొంతు తగ్గించింది. “అక్కడ్నుంచి వచ్చినాక మనిషి సగం అయిపోయాడే. ఏటైందంటే ఏటీ లేదంటాడు. నిద్దట్లో మాత్రం పోతురాజు బావ పేరు ఎత్తుతాడు.”

పోతురాజు పేరు ఆ బ్యాచ్‌లో ఎవరూ గట్టిగా పలకరు.

పోతురాజు అనూరాధకు మేనమామ కొడుకు. వాళ్ళ సముద్రపొడ్డు ఊళ్ళోంచి పీజీ దాకా వచ్చింది పోతురాజు, హరిబాబు, అనూరాధ, అంతే. సముద్రం మీద అరిచి అలవాటైన గొంతు పోతురాజుది. క్లాసులో అతను గుసగుసలాడినా వెనక బెంచీ నుంచి లెక్చరర్‌కి వినబడేది. చదువు అయిపోగానే అతనికీ అనూరాధకీ పెళ్ళి అని అందరికీ తెలుసు. ఆఖరి పరీక్షలు రాసిన ఏడాది కార్తీకంలో స్నేహితులిద్దరూ ఒకే పడవలో వేటకు వెళ్ళారు. తుఫాను పట్టింది. హరిబాబు ఒక్కడే భావనపాడు ఒడ్డున సొమ్మసిల్లి దొరికాడు. పడవ తిరగబడిందనీ, పోతురాజు తన కళ్ళముందే మునిగిపోయాడనీ చెప్పాడు. శవం దొరకలేదు. అనూరాధ రెండేళ్ళు ఎవరి మాటా వినలేదు. ఆ తర్వాత హరిబాబును చేసుకుంది. చేసుకోమని నచ్చజెప్పినవాళ్ళలో సుహాసిని కూడా ఉంది.

కింద హోటల్ హాల్లో అందరూ టిఫినుకు చేరారు. చేపల పులుసులో సేమ్యా వేసినట్టుండే ఆ ఊరి టిఫిను చాలామందికి ఎక్కలేదు. అనూరాధ మాత్రం రెండో గిన్నె తెచ్చుకుంది. ఆమె అది ముట్టుకోకముందే హరిబాబు లేచి నిలబడ్డాడు.

“సిన్న మార్పు. ఊరి ప్రయాణం ఈయేళ కుదర్దు. వానలకి రోడ్డు పోయిందట. మార్కెట్టు సూసుకుని, సాయంత్రం సెరువు కాడికి ఎల్దాం. రేపెలాగూ తిరుగు ప్రయాణం.”

“రోడ్డు పోయిందని ఎవులు సెప్పినార్రా?” అన్నాడు జగన్నాధం. సాలూరులో లారీలున్న మనిషి, బ్యాచ్ మొత్తానికీ నవ్వులు పంచేవాడు. “పొద్దుటే నాను మన బస్సు డ్రైవరుతో మాటాడినాను. ఆడికి తెలుగు రాదు, నాకు బర్మా రాదు. అయినా సక్రం పట్టినోడి బాస సక్రం పట్టినోడికి తెలుస్తాది. అరసెయ్యి ఇలాగ సాపి సూపించినాడు, అద్దం లాగున్నాదని.”

అందరూ నవ్వారు. హరిబాబు నవ్వలేదు.

“డ్రైవరికేటి తెలుసు. ట్రావెల్ ఆఫీసోళ్ళు సెప్పినారు.”

“పోనీ సగం దూరం ఎల్లి సూద్దారి,” అంది అనూరాధ. “రోడ్డు లేకపోతే తిరిగొచ్చీద్దాం.”

“వద్దన్నాను కదా.”

ఆ మాట కొంచెం గట్టిగానే వచ్చింది. అనూరాధ గిన్నె పక్కకు జరిపి, తలుపు వైపు చూస్తూ కూర్చుంది. హరిబాబు వెంటనే గొంతు మెత్తబరిచి, అందరి క్షేమం కోసమే చెబుతున్నానన్నాడు. సుహాసిని అతని ముఖంలోకే చూస్తోంది. ఆ ముఖంలో కోపం లేదు. భయం ఉంది.

మార్కెట్ ముందు బస్సు దిగాక ఆడవాళ్ళు ఎర్రరాళ్ళ దుకాణాల వైపూ, మగవాళ్ళు లుంగీల వైపూ పోయారు. హరిబాబు లోపలికి వెళ్ళకుండా బయట చెట్టు కింద ఒక టీ కొట్టు దగ్గర కూర్చున్నాడు. ఈ దేశంలో టీ కొట్టు అంటే పేవ్‌మెంట్ మీద పరిచిన చిన్న చిన్న ప్లాస్టిక్ పీటలే. సుహాసిని తిరిగొచ్చి అతని ఎదురుగా ఇంకో పీట లాక్కుంది.

“నాకూ ఒక టీ చెప్పు, హరీ.”

అతను వేరే ఆలోచనలో ఉన్నాడు. తల ఎత్తకుండానే పెదాలు ముడిచి, చంటిపిల్లను ముద్దుపెట్టుకుంటున్నట్టు గాలిలోకి రెండుసార్లు చప్పుడు చేశాడు. దూరంగా గ్లాసులు కడుగుతున్న పనివాడు వెంటనే వచ్చాడు. హరిబాబు రెండు వేళ్ళు చూపించి ఏదో ఒక్క ముక్క అన్నాడు. అది తెలుగు కాదు, హిందీ కాదు, ఇంగ్లీషూ కాదు.

వాళ్ళు రంగూన్‌లో దిగిన దగ్గర్నుంచి టీ కోసం ఎన్నో తిప్పలు పడ్డారు. చేతులు ఊపారు, చప్పట్లు కొట్టారు, జగన్నాధం అయితే లారీ హారన్ కొట్టినట్టు అరిచాడు. ఇక్కడ మనిషిని పిలవాలంటే ఇలా పిలవాలని వాళ్ళెవరికీ తెలియదు.

టీ వచ్చింది. సుహాసిని గ్లాసు ముట్టుకోలేదు.

“ఆ పిలుపు నీకు ఎవరు నేర్పారు?”

“ఏ పిలుపు?”

“ఇప్పుడు పిలిచావే, అది.”

హరిబాబు పెదాల మీదికి అతని చెయ్యి దానంతటదే వెళ్ళింది. “ఎవులో పిలుస్తాంటే సూసినాను.”

“నిన్న జోగయ్య నిన్ను పలకరించడం నేను విన్నాను. మళ్ళీ వచ్చినావేటి అన్నాడు. నువ్వూ విన్నావు.”

“ముసలోడు. ఎవులనుకున్నాడో.”

“పోయినేడు నువ్వు గుజరాత్ వెళ్ళలేదు.”

అది సుహాసిని ప్రశ్నగా అడగలేదు. హరిబాబు టీ గ్లాసును రెండు చేతుల్తో పట్టుకుని దానిలోకే చూస్తూ ఉండిపోయాడు. మార్కెట్ లోపలి నుంచి గంటలు కట్టిన రిక్షా ఒకటి వాళ్ళ పక్కనుంచే పోయింది. అది మలుపు తిరిగాక అతను తల ఎత్తాడు.

“అనూకి సెప్పినావా?”

“లేదు.”

“సెప్పకు. నీకు దణ్ణం పెడతాను సుహాసినీ, సెప్పకు.” అతను చుట్టూ చూసి ముందుకు వంగాడు. “పోయినేడు వచ్చినట్టు నా పాస్‌పోర్టులో ముద్ర లేదు. నేను నా బోటు మీద వచ్చాను. నడిసముద్రంలో ఇక్కడి పడవోళ్ళు ఎక్కించుకుని తెచ్చి దింపారు. జోగయ్య ఇంట్లోనే ఉన్నాను. ఇది బయటపడితే నన్ను ఇక్కడే జైల్లో పెట్టీస్తారు.”

“దొంగతనంగా ఎందుకొచ్చావు? ఏం తెచ్చావు, ఏం పట్టుకెళ్ళావు?”

“సరుకు కాదు. నేనలాంటి పనులు సెయ్యను.”

“మరేమిటి?”

హరిబాబు గొంతు సవరించుకున్నాడు. “పోతురాజు సచ్చిపోలేదు.”

సుహాసినికి ఆ మాట చెవిన పడింది గానీ వెంటనే బుర్రకెక్కలేదు. ఎదురు గోడ మీద ఎండ, పీటల మధ్య తిరుగుతున్న పిచ్చుకలు, అన్నీ ఇందాకటిలాగే ఉన్నాయి. ఆమె టీ గ్లాసు అందుకుని ఒక గుక్క తాగింది. నోరు కాలింది.

“మళ్ళీ చెప్పు.”

“బతికే ఉన్నాడు. ఆ తుఫానులో ఇరిగిన పడవ సెక్క పట్టుకుని కొట్టుకుపోతాంటే బర్మా ఓడోళ్ళు ఎత్తుకున్నారు. ముందు జైల్లో పెట్టారు. జైల్లోంచి వదిలినాక తెలుగోళ్ళ ఊర్లో ఎవులో సేరదీసారు. నా బోటులో పన్జేసే కళాసీ ఒకడు దారితప్పి ఇక్కడ పట్టుబడి, విడిసిపెట్టినాక ఇంటికొచ్చి సెప్పినాడు, మీ ఊరాయన ఒకాయన అక్కడ కాపురమున్నాడని. నేను నమ్మలేదు. వచ్చి సూసినాను. ఆడే. జుత్తు తెల్లబడిపోయింది గాని ఆ గొంతు అదే.”

“ఇన్నేళ్ళూ ఒక్క కబురు ఎందుకు పంపలేదు?”

“జైలు నుంచి బయటికొచ్చేటప్పటికే ఏళ్ళు గడిసిపోయాయి. అనూకి పెళ్ళైపోయిందని ఎవులి ద్వారానో ఆడికి తెలిసింది. ఇక్కడే పెళ్ళి సేసుకున్నాడు. ఒక కూతురు. నన్ను సూడగానే ఆడన్న మొదటి మాట ఏటో తెలుసా? అనూకి సెప్పకురా, సచ్చిపోయినోడిగానే ఉండనీ అన్నాడు.”

హరిబాబు కళ్ళు తడిగా ఉన్నాయి. సుహాసినికి అతని మీద జాలి కలిగింది. ఒక్కసారిగా ఎన్నో విషయాలు అర్థమైనట్టనిపించింది. మనిషి సగమైపోవడం, నిద్రలో ఆ పేరు, పొద్దున ముఖంలో భయం. బతికున్న మనిషిని చచ్చినవాడిగా గుండెలో దాచుకుని, అతని కోసం ఏడ్చిన ఆడమనిషి పక్కనే పడుకోవడం ఎంత కష్టమో అనుకుంది. అయినా ఎక్కడో ఏదో అతకడం లేదు.

“అందుకే ఊరికి బస్సు వద్దన్నావా?”

“అందుకే. అనూ రంగం అని మొండికేసినప్పుడు వద్దని మరీ గట్టిగా అంటే అనుమానపడతాది. నేనే ఎంట ఉంటే అటు పోకుండా సూసుకోవచ్చనుకున్నాను. ఆడు ఊర్లోనే ఉన్నాడు. బస్సు దిగితే మొదటి ఇల్లే ఆడిది. ఎలాగ తీసుకెళ్తాను?”

“ఆ రోజు పడవలో ఏం జరిగింది, హరీ?”

“పడవ తిరగబడింది. నా కళ్ళముందే మునిగిపోయాడు.”

ఇరవై మూడేళ్ళ కింద భావనపాడు ఒడ్డున చెప్పిన మాటే అది. అక్షరం తేడా లేదు. బతికున్నాడని ఇప్పుడే తన నోటితో చెప్పిన మనిషి, ఆ మనిషి మునిగిపోయాడని అదే వరసలో, అదే స్వరంతో చెప్పాడు. సుహాసిని పాఠం అప్పజెప్పే పిల్లల్ని చాలామందిని చూసింది. అర్థమై చెప్పేవాళ్ళు ఒక్కోసారి ఒక్కోలా చెబుతారు. బట్టీ పట్టినవాళ్ళు ఎప్పుడడిగినా ఒకేలా చెబుతారు.

“నేను పోతురాజును చూడాలి,” అంది.

“కుదర్దు.”

“అనూకి చెప్పను. నువ్వూ రావద్దు. నేనూ జగన్నాధం టాక్సీలో వెళ్ళి, దూరం నుంచి ఒకసారి చూసి వచ్చేస్తాం. బతికున్నాడని నా కళ్ళతో చూస్తే చాలు. ఆ తర్వాత నువ్వు ఎలా చెప్తే అలా.”

హరిబాబు ముఖంలో రంగు మారింది. “ఎల్లినా దొరకడు. వేటకి ఎల్లుంటాడు.”

“ఊర్లోనే ఉన్నాడన్నావు. ఉన్నాడు కాబట్టే బస్సు ఆపానన్నావు.”

“అదే. ఉంటాడు. ఒకోసారి ఎల్తాడు. నాకేటి తెలుసు, ఇక్కడ కూకుని.”

“హరీ, నా వైపు చూడు.”

అతను చూడలేదు. ఆమె భుజం మీదుగా మార్కెట్ గుమ్మం వైపు చూస్తూ, నెమ్మదిగా లేచి నిలబడ్డాడు. చేతిలో గ్లాసు వంగి టీ కాళ్ళ మీద ఒలికినా పట్టించుకోలేదు. సుహాసిని వెనక్కి తిరిగింది.

జగన్నాధం చెయ్యి ఊపుతూ వస్తున్నాడు. “ఒరే హరీ, నీకోసం ఎవులో వచ్చినార్రా. ముందు హోటలుకి ఎల్లి, అక్కడ కనుక్కుని ఇక్కడికొచ్చారట పాపం.”

అతని వెనక జోగయ్య ఉన్నాడు. జోగయ్య వెనక అనూరాధ ఒకామె చెయ్యి పట్టుకుని నడిపించుకొస్తోంది. ఆమెకు నలభై దాకా ఉంటాయి. ఈ దేశపు ఆడవాళ్ళలాగే లుంగీ కట్టి, బుగ్గలకు పసుపుపచ్చని చెక్కగంధం పూసుకుంది. మెడలో మాత్రం నల్లపూసలున్నాయి. ఒక చంకలో గుడ్డమూట.

అనూరాధ ముఖం వెలిగిపోతోంది. “సుహా, ఈమె పేరు సిన్నతల్లి. మా అమ్మమ్మ పుట్టిన ఊరేనట. మనం ఎల్లలేకపోతే ఊరే మన కాడికి వచ్చింది. మాట విను, అచ్చం మా అమ్మమ్మ మాటే.”

చిన్నతల్లి హరిబాబును చూడగానే మూట జోగయ్యకు అందించి రెండు చేతులూ జోడించింది. “అన్నా, బాగున్నావా? నిన్న ఈ తాత పోన్జేసి సెప్పినాడు, అన్న వచ్చినాడని. తెల్లారే బస్సెక్కీసినాను.”

చిన్నతల్లి చుట్టూ చూసింది. జగన్నాధాన్ని చూసింది. సంచులతో అప్పుడే మార్కెట్‌లోంచి బయటికొస్తున్న బ్యాచ్ మగవాళ్ళను ఒక్కొక్కర్నీ చూసింది. చూపు మళ్ళీ హరిబాబు దగ్గరికి వచ్చింది.

“ఆయన రాలేదా, అన్నా?”

“ఎవరమ్మా?” అంది అనూరాధ.

“మా ఇంటాయన. మీ ఊరే. మీకు తెలిసే ఉంటాడు.”

“మా ఊరా? ఏం పేరు?”

చిన్నతల్లి సిగ్గుపడి తల వంచుకుంది. “పేరు నానెలాగ సెప్పేది. అమ్మోరి తమ్ముడి పేరే ఆయనది.”

అనూరాధ నవ్వబోయింది. ఊరి అమ్మవారికి తమ్ముడు ఎవరో తెలియని మనిషి వాళ్ళ వైపు ఉండడు. నవ్వు సగంలో ఆగిపోయింది. చిన్నతల్లి చెయ్యి ఇంకా ఆమె చేతిలోనే ఉంది. ఆ చేతిని ఆమె వదల్లేదు, ఇంకా గట్టిగా పట్టుకుంది.

“పోతురాజా?” అంది చాలా మెల్లిగా.

“ఆ. ఆయనే.”

“బతికున్నాడా?”

“అదేటమ్మా అలాగంటావు?” చిన్నతల్లి కంగారుపడింది. “మీ కాడే ఉన్నాడు కదా. పోయినేడు ఈ అన్న వచ్చినప్పుడు, ఒకపాలి ఊరు సూసి, అమ్మ సమాధికి దణ్ణం పెట్టుకుని వచ్చీస్తానని అన్నతోనే ఎల్లినాడు. నానే రేవుకాడికొచ్చి పడవెక్కించినాను. పండక్కి వస్తాడంటే రాలేదు. తాత పోనులోంచి అన్నకి ఎన్నిపాల్లో సేసినాను. ఎప్పుడు సేసినా, వేటకి ఎల్లినాడమ్మా, దిగినాక మాటాడిస్తానంటాడు. ఆయన గొంతు విని ఏడాది అయిపోయింది.” జోగయ్య చేతిలోని మూట అందుకుని అనూరాధ వైపు చాపింది. “మీరూ ఆ ఊరే అంటన్నారు. ఆయన రాకపోతే పోనీ, ఇయి ఆయనకి అందీండమ్మా. కూతురు కుట్టిన సొక్కా ఉన్నాది.”

అనూరాధ మూట తీసుకుంది. గుండెకు ఆనించుకుంది. సుహాసిని లేచి ఆమె పక్కకు వెళ్ళి భుజం మీద చెయ్యి వేసింది.

మిగతావాళ్ళు సంచులు పట్టుకుని కొంచెం దూరంలోనే ఆగిపోయారు. ఏం జరిగిందో వాళ్ళకు తెలియదు గానీ దగ్గరకు రాకూడదని తెలిసింది.

“అనూ, అందరి ముందూ వద్దు,” అన్నాడు హరిబాబు. “గదికి ఎల్దాం పద. అంతా సెప్తాను.”

అనూరాధ కదల్లేదు. చిన్నతల్లిని ఒక పీట మీద కూర్చోబెట్టింది. తను ఆమె పక్కన ఇంకో పీట మీద కూర్చుంది. మూట ఒళ్ళో పెట్టుకుని హరిబాబు ముఖంలోకి చూసింది.

“బావ నీతో రెండుసార్లు పడవెక్కాడు,” అంది. గొంతులో ఏడుపు లేదు. “మొదటిసారి నువ్వొక్కడివే ఒడ్డుకొచ్చినావు. నువ్వు సెప్పింది నమ్మినాను. నీతో కాపురం సేసినాను. రెండోసారీ నువ్వొక్కడివే ఇంటికొచ్చినావు. ఈమె ముందు సెప్పు. బావ ఎక్కడున్నాడు?”

హరిబాబు ఒకసారి సుహాసిని వైపు చూశాడు. ఇందాక ఊర్లో ఉన్నాడన్నాడు. తర్వాత వేటకు వెళ్ళాడన్నాడు. ఇప్పుడేం చెప్పినా ఎలా నమ్మాలో సుహాసినికి తెలియలేదు. అతనికీ ఆ సంగతి తెలిసినట్టే ఉంది. గ్లాసు కింద పెట్టి, ఎండలోనే నేల మీద, ఇద్దరాడవాళ్ళకూ ఎదురుగా చతికిలబడ్డాడు.

“ఊరికి తీసుకొచ్చాను,” అన్నాడు. “ఒట్టు. ప్రాణాల్తోనే ఒడ్డు దింపాను. నువ్వు ఆణ్ణి సూసినావు, అనూ.”

“నేనా?”

“మనింటి గుమ్మంలో. నీ సేత్తో మంచినీళ్ళు ఇచ్చినావు.” అతను తల వంచుకున్నాడు. “నువ్వు గుర్తుపడతావేమోనని ఆడు సాలాసేపు అక్కడే నిలబడ్డాడు.”